అక్క సంచీ, తమ్ముడి సంచీ: ఐదు రోజుల కొండదారి

బయల్దేరే ముందు రాత్రి

హాల్లో దుప్పటి పరిచి సామానంతా దాని మీద గుమ్మరించాం. తమ్ముడు వంటింట్లోంచి చిన్న కాటా తెచ్చి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో వస్తువు కాటా మీద పెట్టడం, అంకె చదవడం, నోట్‌బుక్కులో రాయడం. చెంచాలు, లైటరు, టూత్‌పేస్టు, ఆఖరికి టెంటు మేకులు కూడా వదల్లేదు. గంటన్నర పట్టింది. ఐదు రోజులు, నాలుగు రాత్రులు, 54 కిలోమీటర్లు. దారి 1,600 మీటర్ల ఎత్తులో మొదలై 3,400 మీటర్ల దాకా ఎక్కి, కొండకు అవతలి వైపు మళ్ళీ అంతే కిందికి దిగుతుంది. మధ్యలో ఊరు లేదు, బస లేదు. కావలసిందంతా వీపు మీదే మోసుకెళ్ళాలి.

సర్దడం అయ్యాక సంచీలను కొక్కెం కాటాకి తగిలించాం. వాడిది 9.8 కిలోలు. నాది 16.8.

"అక్కా, నీ బరువెంత?" అన్నాడు.

"64."

"ఐదో వంతంటే 12.8. నువ్వు నాలుగు కిలోలు ఎక్కువ మోస్తున్నావు."

రోజుల తరబడి నడిచేవాళ్ళు వీపు మీద బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వరు. అది కచ్చితమైన శాస్త్రమేమీ కాదు, నడిచి నడిచి తేల్చుకున్న లెక్క. ఇంకో లెక్క కూడా ఉంది, బేస్ వెయిట్ అంటారు. తిండి, నీళ్ళు, గ్యాసు రోజురోజుకీ తరుగుతాయి కాబట్టి అవి తీసేసి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మారకుండా ఉండే బరువును మాత్రమే చూస్తారు. అది 9 కిలోల లోపు ఉంటే తేలిక సంచీ, 4.5 కిలోల లోపు ఉంటే మరీ తేలిక. నాది 11.3 వచ్చింది. తమ్ముడిది 4.6. ఆ 100 గ్రాములు ఎక్కడ తగ్గించాలా అని వాడు అర్ధరాత్రి దాకా వెతికాడు.

నా సంచీ ఖాళీగానే 2.3 కిలోలు. సింథటిక్ దూది నింపిన స్లీపింగ్ బ్యాగ్ 1.7. దానంతట అదే గాలి పీల్చుకునే మ్యాట్ 900 గ్రాములు. స్టవ్, గిన్నె, గ్యాస్ క్యాన్ కలిపి 800. బట్టలు 2.9. మడత కుర్చీ 900, సాయంత్రం వేసుకోవడానికి చెప్పులు 400, పవర్ బ్యాంక్ 400, పుస్తకం 300, మందులు, సబ్బూ బ్రష్షూ కలిపి 600. నీళ్ళకి రెండు గట్టి ప్లాస్టిక్ సీసాలు, ఒక్కోటి 180 గ్రాములు. ఇద్దరికీ తలా మూడు కిలోల పైచిలుకు తిండి, రెండు లీటర్ల నీళ్ళు. టెంటు వాడు మోస్తాడు, వంట సామాను నేను.

వాడి స్లీపింగ్ బ్యాగ్ బాతు ఈకల నూగు నింపినది, 650 గ్రాములు. ఖరీదు నా దానికి నాలుగింతలు, బరువు అందులో సగం కూడా లేదు. మ్యాట్ మాత్రం మామూలు ఫోమ్ షీటు, 400 గ్రాములు. అన్నిటికంటే చవకది అదే. సంచీలో ఫ్రేమ్ లేదు, బట్ట సంచీకి భుజం పట్టీలు కుట్టినట్టు ఉంటుంది, 600 గ్రాములు. నీళ్ళకి దుకాణంలో నీళ్ళు అమ్మే పల్చటి సీసాలు రెండు.

టెంటు దగ్గర కాసేపు వాదించుకున్నాం. నా పాతది రెండు పొరలది, ఇద్దరికి సరిపోతుంది, 2.6 కిలోలు. వాడి కొత్తది ఒకే పొర. దానికి వేరే రాడ్లు ఉండవు, నడిచేటప్పుడు చేతిలో ఉండే ట్రెక్కింగ్ పోల్స్‌నే నిలబెట్టి కట్టాలి. అదీ ఇద్దరికి సరిపోతుంది, 950 గ్రాములు. కిలోన్నరకి పైగా తేడా. వాడి టెంటే తీసుకున్నాం.

డబ్బు విషయంలో వాడికో పద్ధతి ఉంది, నాకు నచ్చింది. ఏదైనా కొనేముందు, పాతదానికంటే ఎంత ఎక్కువ పెడుతున్నామో దాన్ని తగ్గే గ్రాములతో భాగిస్తాడు. అలా చూస్తే టైటానియం గిన్నె దండగ. నా అల్యూమినియం గిన్నె కంటే 120 గ్రాములే తగ్గుతుంది, ధర మాత్రం ఎన్నో రెట్లు. పైగా టైటానియంలో వేడి సమంగా పరుచుకోదు, మంట తగిలినచోటే అడుగంటుతుంది. నీళ్ళు కాచుకోవడానికే అయితే సరే, వండుకునేవాళ్ళకి అల్యూమినియమే మేలు. అదే లెక్కలో, కుర్చీ ఇంట్లో వదిలేస్తే 900 గ్రాములు పైసా ఖర్చు లేకుండా తగ్గిపోతాయి.

"ఎమ్మా గేట్‌వుడ్ సంగతి విన్నావా అక్కా? 1955లో 67 ఏళ్ళ వయసులో అమెరికాలో అప్పలేచియన్ ట్రైల్ ఒంటరిగా నడిచింది. 3 వేల కిలోమీటర్లకి పైనే. డెనిమ్ గుడ్డతో సొంతంగా కుట్టుకున్న సంచీ, కాన్వాస్ బూట్లు, వాన ఆపడానికి స్నానాలగదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర. తేలికగా నడవడానికి డబ్బే అక్కర్లేదు."

"ఆవిడకి ఏం వదిలేయచ్చో తెలుసు. నాకు ఇంకా తెలీదు" అన్నాను. కుర్చీ సంచీకి కట్టేశాను.

మొదటి రోజు

12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు. కొండదారికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఆ ప్రకారం మాకు నాలుగు గంటలు సరిపోవాలి. నాకు ఆరుంబావు పట్టింది.

మొదటి గంట హాయిగా ఉంది. రెండో గంటలో భుజాల మీద పట్టీలు తెలియడం మొదలైంది. మూడో గంటకి మెడ పక్కన, కాలర్ ఎముక మీద, పట్టీ అంచు సరిగ్గా ఒకే గీత మీద ఒత్తుతోంది. బొటనవేలు దాని కింద దూర్చి నడుస్తున్నాను. ఒక వేలు దూర్చినంతసేపే సుఖం. తీస్తే మళ్ళీ అదే గీత.

తమ్ముడు ఆగి సంచీ దింపించాడు. నడుం పట్టీ పొట్ట మీదికి జారి ఉంది. దాన్ని కిందికి లాగి, తుంటి ఎముక పైకొనను సగానికి కప్పేలా పెట్టి బిగించాడు. తర్వాత భుజం పట్టీలు కాస్త వదులు చేశాడు. సంచీలో అట్టడుగున ఉన్న తిండిమూట తీసి, వీపుకి ఆనుకుని నడుముకి కొంచెం పైన వచ్చేలా సర్దాడు. మెత్తని స్లీపింగ్ బ్యాగ్ అడుగుకి పోయింది. కాటా మీద ఒక్క గ్రామూ తగ్గలేదు గానీ బరువు భుజాల మీదినుంచి తుంటి మీదికి దిగింది. నా 2.3 కిలోల సంచీలో ఉన్న ఫ్రేము పని అదే, బరువును కిందికి చేర్చడం. పొద్దున్నే సరిగ్గా కట్టుకుని ఉంటే మూడు గంటల బాధ తప్పేది.

క్యాంపు 2,500 మీటర్ల దగ్గర, చెట్ల మధ్య. కుర్చీ విప్పుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను, చీకటి పడగానే చలేసి టెంటులోకి పోయాను. ఆ ఇరవై నిమిషాలూ నిజంగా సుఖంగానే ఉన్నాయి. చెప్పులు వేసుకుని పాదాలకి గాలి తగలనివ్వడం అంతకంటే సుఖంగా ఉంది. రాత్రి తొమ్మిది డిగ్రీలు. ఇద్దరం నిద్రపోయాం.

రెండో రోజు

నడక తక్కువే, 9 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు. మధ్యాహ్నం నుంచి వాన. 2,900 మీటర్ల దగ్గర చిన్న సరస్సు, దాని ఒడ్డున చదునైన గడ్డి. తడిసి, అలిసి ఉన్నాం. చదునుగా ఉంది, నీళ్ళు పక్కనే ఉన్నాయి అని అక్కడే టెంటు వేసేశాం. తప్పంతా అక్కడే జరిగింది.

చల్లగాలి బరువెక్కువ కాబట్టి రాత్రి పల్లానికి దిగి నిలుస్తుంది. నీటి ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలో ఆవిరి ఇంకా ఎక్కువ. జల్లు లోపలికి కొడుతోందని తలుపులు రెండూ మూసేశాం. రెండు పొరల టెంటులో అయితే ఆవిరి లోపలి జాలీ బట్టలోంచి పోయి బయటి పొరకి పడుతుంది, చుక్కలు మనకు అవతలే ఉంటాయి. ఒకే పొర అయితే ఆ చుక్కలున్న గోడే మన గోడ.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. తలకి కట్టుకున్న లైటు వేసి చూస్తే టెంటు లోపలి గోడంతా ఆవగింజలంత చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి. గాలి ఒక విసురు విసరగానే బట్ట వణికి చుక్కలన్నీ ఒకేసారి మా మీద రాలాయి. ఈ టెంటు బట్ట నైలాన్, సిలికాన్ పూత పూసినది. నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిర్రుగా లాగి కట్టిన గోడ ఇప్పుడు వదులై లోపలికి కుంగింది, తమ్ముడి కాళ్ళ దగ్గర వాడి స్లీపింగ్ బ్యాగ్‌కి అంటుకుని ఉంది. తాళ్ళు మళ్ళీ బిగించడానికి వాడు వానలోనే బయటికి వెళ్ళొచ్చాడు.

లోపలికొచ్చి బ్యాగ్ పాదాల వైపు చేత్తో పట్టుకుని చూశాడు. నన్నూ పట్టుకోమన్నాడు. ముందు రోజు రాత్రి రొట్టెలా పొంగి ఉన్న చోట ఇప్పుడు రెండు బట్టల మధ్య చిన్న చిన్న ఉండలు తగిలాయి, మధ్యమధ్య ఏమీ లేదు, బట్టకి బట్ట తగులుతోంది. నూగు వెచ్చగా ఉంచేది అది పట్టి ఉంచే గాలితోనే. తడిసి ముద్దయితే గాలి ఉండదు, వెచ్చదనమూ ఉండదు. నా బ్యాగ్ పైబట్ట కూడా తడిసింది, కానీ సింథటిక్ పోగులు తడిసినా పూర్తిగా అణిగిపోవు. చల్లగా తగిలినా వెచ్చగానే ఉన్నాను.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఆ టెంటు చెడ్డది కాదు, ఆ బ్యాగూ చెడ్డది కాదు. చెట్ల కింద, సరస్సుకి ముప్పై నలభై మీటర్లు పైన, ఒక తలుపు సగం తెరిచి పడుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. తేలిక టెంటు మనిషిని చోటు వెతుక్కోమంటుంది. అలిసిపోయిన సాయంత్రం ఆ వెతుకులాట తప్పించుకుందామనుకున్నాం, దాని ఫలితం రాత్రి తెలిసింది.

మూడో రోజు

పొద్దున ఎండ వచ్చింది. బయల్దేరకుండా పది దాకా ఆగాం. వేడెక్కిన బండల మీద రెండు బ్యాగులూ తిరగేసి పరిచాం. తమ్ముడు తన బ్యాగ్‌లోని ఒక్కో గడినీ పట్టుకుని, ఉండలను వేళ్ళతో మెల్లగా విడదీస్తూ కూర్చున్నాడు. బట్ట పల్చన కాబట్టి లోపల విడుతున్న తెల్లని నూగు కనిపిస్తోంది. మూడొంతులు పొంగింది. పాదాల వైపు పూర్తిగా ఆరలేదు. వాతావరణం మళ్ళీ మారేలోపు పైకి చేరాలని బయల్దేరాం.

8 కిలోమీటర్లు, 500 మీటర్లు. దూరం తక్కువే గానీ ఊపిరి అందడం కష్టమైంది. 3,400 మీటర్ల దగ్గర గాలి తగలని బండల చాటున టెంటు వేశాం. ఈసారి చోటు వెతకడానికి అరగంట పెట్టాం. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. బయల్దేరిన చోటుకీ ఇక్కడికీ 1,800 మీటర్లు, అంటే దాదాపు 12 డిగ్రీల తేడా. ఎనిమిదింటికే థర్మామీటరు సున్నాకి దిగింది, తెల్లవారుజామున మైనస్ 3.

స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు అంకెలు ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి వేసే అంకెలు ఇవి. కంఫర్ట్ అంటే సగటు ఆడమనిషి హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని ఎలాగో నిద్రపోగల చలి. ఎక్స్‌ట్రీమ్ అనేది ప్రాణం నిలబెట్టుకునే అంకె, దాన్ని చూసి కొనడమే ప్రమాదం. నా బ్యాగ్ కంఫర్ట్ సున్నా. తమ్ముడి బ్యాగ్ లిమిట్ మైనస్ 2, కంఫర్ట్ ప్లస్ 4. వాడు కొనేటప్పుడు మైనస్ 2 అనే అంకె చూశాడు. తేలిక బ్యాగుల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో తరచు కనిపించేది ఆ అంకే.

దానికితోడు ఆ పరీక్షలు కింద సరైన మ్యాట్ ఉందనుకుని చేసేవి. మనం పడుకోగానే వీపు కిందున్న నూగు మన బరువుకి అణిగిపోతుంది, కింద మనల్ని కాపాడేది మ్యాటే. మ్యాటు చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ వాల్యూ అంటారు. నాది 3.5 చిల్లర. వాడి ఫోమ్ షీటుది 2. వేసవిలో ఇబ్బంది లేదు. గడ్డకట్టే నేల మీద చాలదు. బ్యాగ్‌కి నాలుగింతలు పెట్టి, దాని కింద ఉండాల్సిన దానికి అన్నిటికంటే తక్కువ పెట్టాడు. ఆ బ్యాగ్ ఇవ్వగల వెచ్చదనంలో సగం నేల లాగేసుకుంది.

పదకొండింటికి వాడి పళ్ళు కొట్టుకోవడం వినిపించింది. పిలిస్తే "పర్లేదక్కా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది. చలికి వణుకుతున్నవాడు పర్లేదంటే నమ్మకూడదు.

లేచి స్టవ్ వెలిగించాను. గ్యాస్ క్యాన్ నా బ్యాగ్‌లోనే, కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకున్నాను కాబట్టి సరిగ్గా మండింది. సముద్రమట్టం దగ్గర మామూలు బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ దిగువ నుంచే మరిగి గ్యాసుగా మారడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన క్యాన్లు ఇంకా చలిలో పనిచేస్తాయి, అయినా వెచ్చగా ఉంచితే మంచిది. టెంటు బయట, తలుపు పూర్తిగా తెరిచి, లీటరు నీళ్ళు కాచాను. లోపల స్టవ్ వెలిగించకూడదు. టెంటుకి నిప్పంటుకోవడం ఒక భయం, వాసనే తెలియని కార్బన్ మోనాక్సైడ్ ఇంకో భయం.

నీళ్ళు ఎందులో పోయాలి? తమ్ముడి పల్చటి సీసాలు వేడికి ముడుచుకుపోతాయి. 180 గ్రాముల నా గట్టి సీసాలో పోశాను, మూత బిగించి తలకిందులుగా పట్టుకుని చూశాను, చుక్క కారలేదు. దానికి మేజోడు తొడిగి వాడి బ్యాగ్‌లో తొడల మధ్య పెట్టుకోమన్నాను. నా అదనపు ఫ్లీస్ కోటు తీసి వాడి పైన కప్పాను. రెండు సంచీలూ ఖాళీ చేసి వాడి కాళ్ళ కింద, నడుము కింద పరిచాం. ఆర్ వాల్యూలు ఒకదానికొకటి కలుస్తాయి, మ్యాటు కింద ఇంకేది వేసినా లాభమే. బ్యాగ్‌లోకి దూరేముందు గుప్పెడు వేరుశనగ గింజలు తినిపించాను. వంద గ్రాముల్లో 570 క్యాలరీల దాకా ఉంటాయి, బరువుకి తగ్గ తిండి అంటే అదే.

పావుగంటలో పళ్ళ చప్పుడు ఆగింది. ఇంకో పావుగంటకి ఊపిరి నిదానించింది. నేను మాత్రం మూడింటి దాకా వింటూనే ఉన్నాను.

నాలుగో రోజు

ఈరోజు నా వంతు. 14 కిలోమీటర్లు, 800 మీటర్ల దిగుడు. రాళ్ళు మెట్లు మెట్లుగా ఉన్న దారి. దిగేటప్పుడు ప్రతి అడుగులో ఒంటి బరువూ సంచీ బరువూ కలిసి ముందుకాలి మోకాలి మీద పడతాయి. తిండి, గ్యాసు తరిగి నా సంచీ 15 కిలోల లోపుకి వచ్చింది. అయినా పదకొండింటికల్లా కుడి మోకాలి చిప్ప కింద సూదితో పొడిచినట్టు మొదలైంది. నా తోలు బూట్లు కూడా బరువే. పాదానికి కట్టుకున్న బరువు వీపు మీద అదే బరువు కంటే చాలా ఎక్కువ అలసట తెస్తుంది, ప్రతి అడుగుకీ దాన్ని ఎత్తి దించాలి కదా.

తమ్ముడు మాట్లాడకుండా నా సంచీ విప్పి తిండిమూట, వంట సామాను, పవర్ బ్యాంక్, ఒక లీటరు నీళ్ళు తన సంచీలో వేసుకున్నాడు. మూడున్నర కిలోల పైమాటే. ట్రెక్కింగ్ పోల్స్ రెండూ నా చేతికిచ్చాడు. పోల్స్ ముందు ఆనించి దిగితే మోకాలి మీద భారం కొంత చేతులకు పోతుంది.

నాకు వెంటనే తేడా తెలిసింది. వాడికి గంట తర్వాత తెలిసింది. ఫ్రేమ్ లేని సంచీ తొమ్మిది కిలోల లోపు బాగుంటుంది. అది దాటితే బరువును తుంటికి చేర్చే ఎముకలాంటిదేమీ లేదు కాబట్టి బట్ట కుంగి, మొత్తం భుజాలకే వేలాడుతుంది. సంచీ వీపు మధ్యలో గుండ్రంగా ఉబ్బింది, గిన్నె అంచు వెన్నుకి తగులుతోంది. సాయంత్రానికి వాడి రెండు భుజాల మీదా, మొదటి రోజు నాకు పడిన చోటే, ఎర్రటి గీతలు.

ఈ రోజే నాకు అసలు సంగతి అర్థమైంది. మేమిద్దరం వస్తువులను ఒక్కోటిగా చూశాం. నేను ఒక్కోటిగా చూసి "ఇది సుఖంగా ఉంటుంది" అని పెట్టుకున్నాను. వాడు ఒక్కోటిగా చూసి "ఇది తేలిక" అని పెట్టుకున్నాడు. కానీ ఒక వస్తువు ఇంకోదాని మీద ఆధారపడి ఉంటుంది. తేలిక సంచీ తేలిక బరువు మీద. తేలిక బ్యాగ్ మంచి మ్యాట్ మీద. ఒకే పొర టెంటు మంచి చోటు మీద, ఆ చోటు వెతకడానికి ఒంట్లో మిగిలిన ఓపిక మీద. నా ఓపిక నా సంచీయే తినేసింది, అందుకే రెండో రోజు సరస్సు ఒడ్డున కూలబడ్డాను. వాడు తడవడంలో నా బరువుకీ భాగముంది.

2,600 మీటర్ల దగ్గర చెట్ల కింద క్యాంపు. కుర్చీలో కూర్చుని మోకాలు బండ మీదికి చాపాను. తడిగుడ్డ వేసుకున్నాను. రెండో రోజు, మూడో రోజు ఆ కుర్చీని విప్పనే లేదు. నాలుగు రోజులు మోసినందుకు మొత్తం గంట కూర్చుని ఉంటాను.

ఐదో రోజు

11 కిలోమీటర్లు. తిండి దాదాపు అయిపోయింది, సంచీలు తేలిక. మోకాలికి గుడ్డ కట్టుకుని నిదానంగా దిగాను. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు కనిపించింది.

ఇంటికొచ్చాక

స్నానాలు, నిద్ర అయ్యాక మళ్ళీ అదే దుప్పటి పరిచాం. ఈసారి మూడు కుప్పలు వేశాం: రోజూ వాడినవి, ఒకటి రెండుసార్లు వాడినవి, అసలు వాడనివి. మూడో కుప్పలో మందుల డబ్బా కూడా ఉంది. దాన్ని మాత్రం అలాగే ఉంచేశాం. వానకోటు ఒక్కసారే వాడినా అంతే. వాటికి సంచీలో చోటు ఎప్పుడూ ఉండాలి.

నా కుప్పలోంచి పోయినవి: కుర్చీ, పుస్తకం, మందపాటి ప్యాంటు, రెండు కాటన్ టీషర్టులు, అదనపు మేజోళ్ళు. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు, కొండ మీద అది సుఖం కాదు. రెండు గట్టి సీసాల్లో ఒకటి తీసి పల్చటిది పెట్టాను. పవర్ బ్యాంక్‌కి బదులు ఇంట్లోనే పడున్న చిన్నది, 200 గ్రాములది. చెప్పులు వదల్లేదు. 400 గ్రాములు ఎక్కువే, కానీ తడి బూట్లలోంచి కాలు బయటికి తీసిన ఆ సాయంత్రాలు నాకు కావాలి. ఫ్లీస్ కోటూ ఉంది. కాటా చూస్తే బేస్ వెయిట్ 8.7. ఒక్క వస్తువూ కొనకుండా 9 లోపుకి వచ్చేశాను.

కొనడానికి డబ్బు పెట్టే వరుస కూడా రాసుకున్నాం. ముందు మ్యాట్. ఆ తర్వాత బ్యాగ్, కంఫర్ట్ అంకె చూసి. తర్వాత టెంటు. సంచీ అన్నిటికంటే చివర, ఎందుకంటే లోపల పెట్టేవాటి బరువూ పరిమాణమూ తేలాకే ఎలాంటి సంచీ కావాలో తెలుస్తుంది. చాలామంది ముందు సంచీయే కొంటారు, నేనూ అలాగే కొన్నాను. 65 లీటర్ల సంచీ ఉంటే 65 లీటర్లూ నింపాలనిపిస్తుంది.

నా స్లీపింగ్ బ్యాగ్ మార్చను. ఇంకో కిలో తగ్గించుకోవచ్చు, కానీ మేం వెళ్ళే కాలంలో వాన తప్పదు, తడిసినా కాపాడేది నాకు కావాలి. తమ్ముడు గాలి ఊదుకునే మ్యాట్ ఒకటి చూసుకున్నాడు, ఆర్ వాల్యూ 4 పైన, 480 గ్రాములు. 80 గ్రాములే ఎక్కువ, ధర మాత్రం ఫోమ్ షీటుకి చాలా రెట్లు. ముల్లు గుచ్చుకుంటే గాలి పోతుందన్న భయానికి అతుకులు కూడా కలిపి రాశాడు.

రాత్రి నోట్‌బుక్ బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. వాడి లెక్క 4.6 దగ్గర కొట్టేసి 4.8 అయింది. మ్యాటు కింద వరుసలో, పల్చటి సీసా ఒకటి కొట్టేసి, పక్కన రాశాడు: గట్టి సీసా, 180 గ్రాములు.